దళారి ఎవరి పక్షము?

ఉగాది పచ్చడి చవి నోట నుండగనే ఇండ్ల బేరములు జోరందుకొనుట మన పట్టణములకు పరిపాటి. మాఘము మొదలు జ్యేష్ఠము వరకు గృహప్రవేశములకు ముహూర్తములు దొరకును. ఆషాఢము వచ్చెనా, అవి కరవగును. మార్చి 31వ తేదీతో ఆర్థిక సంవత్సరము ముగియును. జూను నెలలో పాఠశాలలు తెరువబడును. ముహూర్తము, పన్ను, పిల్లల చదువు, ఈ మూడును ఒక్కసారిగ తరుముటచే కొనువాడు తొందరపడును. ఆ తొందరయే అమ్మువానికి లాభము, నడుమనున్న దళారికి పెట్టుబడి. కావున ఏ ఇల్లు కొనవలెనను ప్రశ్నకు ముందు, ఆ ఇల్లు చూపువాడు ఎవరి పక్షమున నిలిచియున్నాడను ప్రశ్న వేసికొనుట మేలని మా అభిప్రాయము.

ఈ ప్రశ్న జ్యోతినగరమునకును, గోదావరిఖనికిని తగిలినంత గట్టిగ వేరొక చోట తగులదు. రామగుండము తాప విద్యుత్కేంద్రమున మొదటి యూనిటు 1983లో పనిచేయ నారంభించినది. నేడు ఆ కేంద్రము సామర్థ్యము 2600 మెగావాట్లు. దాని ఉద్యోగులకై వెలసిన ఊరే జ్యోతినగరము. దాపుననే సింగరేణి గనులు, కార్మికుల క్వార్టర్లు. ఈ రెండు సంస్థల కొలువులోను ఉద్యోగి జీవితకాలమంతయు కంపెనీ యింట గడపును. అది చల్లని నీడయే గాని సొంత నీడ కాదు. సింగరేణిలో ఉద్యోగ విరమణ వయస్సును 2021లో 60 నుండి 61 ఏండ్లకు పెంచిరి. ఆ దినము వచ్చిన పిమ్మట క్వార్టరు వదలి పోవలసినదే. అప్పుడు గ్రాట్యుయిటీయు, భవిష్యనిధియు ఒక్కమారుగ చేతికి వచ్చును. 1998 నాటి పథకమువలన బొగ్గుగని కార్మికునకు వచ్చు పింఛను మాత్రము స్వల్పము. ముప్పదియేండ్లు భూగర్భమున చెమటోడ్చి కూడబెట్టిన ద్రవ్యమంతయు ఒకే బేరమున పెట్టవలసిన వాడు, ఆ బేరమును జన్మమున కొకసారి చేయును. ఎదుట నున్న దళారి దానిని దినదినము చేయుచుండును. ఈ అసమానతయందే ఆపద యంతయు దాగియున్నది.

దళారులెల్ల వంచకులని మా తాత్పర్యము కాదు. అమ్మువానిని కొనువానితో కలుపుట, కాగితములు సమకూర్చుట, ధర తెగునట్లు చేయుట, ఇవి యెల్ల శ్రమతో కూడిన పనులే. శ్రమకు ప్రతిఫలము ఉండవలసినదే. సామాన్యముగా నూటికి ఒకటి గాని రెండు గాని ఇచ్చుట మనవారి వాడుక. అయితే బొగ్గు బెల్టున దళారి పరాయివాడుగా రాడు. ఒకే షిఫ్టున పనిచేసిన సహచరుడుగనో, కులబంధువుగనో, అల్లుని స్నేహితుడుగనో వచ్చును. ‘అన్నా’ యనియు ‘బావా’ యనియు పిలుచును. పిలుపులోని చుట్టరికమును చూచి మనము కాగితము నడుగుటకు మొగమాటపడుదుము. మొగమాటమునకు మించిన మోసగాడు లేడు.

దళారి పక్షము తెలియుటకు అడుగవలసిన మొదటి మాట ఒక్కటియే: ‘నీకు కూలి ఇచ్చువాడెవడు?’ అమ్మువాడు మాత్రమే ఇచ్చినచో అతడు అమ్మువాని మనిషి. ఇరువురును ఇచ్చినచో ఆ సంగతి ఇరువురకును తెలిసియుండవలెను. ఇంతకంటె గూఢమైన పద్ధతి ఇంకొకటి కలదు. గజము ధర ఇంతయని భూస్వామితో ముందుగ నోటిమాట చేసికొని, అంతకు మించిన ధర కొనువానికి చెప్పి, నడిమి సొమ్మును తానే మింగుట. ఇట్టివాడు దళారి వేషము వేసిన వ్యాపారి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే దీనిని ఎరిగియున్నది. యజమానికి తెలియకుండ ఏజెంటు తన సొంత లాభమునకై ఆ వ్యవహారమున బేరమాడినచో, ఆ లాభమును యజమాని కోరవచ్చునని అది శాసించినది. నూటయేబది యేండ్లుగా గ్రంథమున నున్న ఈ హక్కు మన నిత్యవ్యవహారమున నిద్రించుచున్నది. ఏలయన ఎవడు ఎవరికి ఏజెంటో తెలుపు కాగితమే వ్రాసికొనుట లేదు.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో కూడ వసంత ఋతువే ఇండ్ల అంగడికి పండుగ. అచట కొనువాని ఏజెంటునకు చెల్లవలసిన కమిషనును అమ్మువాని తరపువారే ప్రకటించు ఆచారము చిరకాలము సాగినది. దానిపై వ్యాజ్యములు నడచి, దళారుల జాతీయ సంఘము 2024 మార్చిలో 41.8 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒడంబడినది. ఆ యేటి ఆగస్టు 17 నుండి, ఏజెంటు ఇల్లు చూపుటకు ముందే కొనువానితో వ్రాతమూలకమైన ఒప్పందము చేసికొనవలెను. ప్రతిఫలమెంతయో అందు స్పష్టముగ నుండవలెను. ధనిక దేశమే ఇంత ఆలస్యముగ నేర్చిన పాఠమును మనము నేర్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

మన దేశమున 2016లో స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టము వెలువడి, 2017 మే 1 నుండి పూర్తిగ అమలునకు వచ్చినది. దీనినే జనులు రెరా యందురు. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటు గాని, ఎనిమిదింటికి మించిన ఫ్లాట్ల కట్టడము గాని రెరాయందు నమోదు కానిదే ప్రకటన చేయరాదు, అమ్మరాదు. అట్టి వాటిని అమ్మించు ఏజెంటును నమోదు కావలెను. ప్రతి అమ్మకమునను తన సంఖ్యను తెలుపవలెను. నమోదు కాని వెంచరును అమ్మించరాదు. కాగితములన్నియు కొనువానికి అందునట్లు చూడవలెను. ఈ నియమములు మీరినవానికి దినమునకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో నూటికి 5 వరకు జరిమానా కలదు. కావున క్రొత్త వెంచరు చూపవచ్చిన ఏజెంటును తొలుత రెరా సంఖ్య అడుగుడు. ఒకటి వెంచరుది, ఒకటి అతనిది. ‘ప్రీలాంచి’ యను పేర, అనుమతులకు ముందే చవుకగ నిత్తుమనువాడు చట్టము వద్దన్నదానినే అమ్ముచున్నాడు. హైదరాబాదు చుట్టుపట్ల ఇట్టి పథకములయందు సొమ్ము పోగొట్టుకొన్న మధ్యతరగతి కుటుంబములు అనేకములు.

అయితే రెరా కవచము అందరిని కాపాడదు. పాత యిల్లు చేతులు మారునప్పుడును, చిన్న తుండు స్థలము అమ్ముడుపోవునప్పుడును ఏజెంటు నమోదు నియమము వర్తింపదు. బొగ్గు బెల్టున జరుగు బేరములలో ఇట్టివి అనేకము. అట్టిచోట మనకు రక్ష మనము వ్రాసికొనిన కాగితమే. ఏజెంటు ఎవరి తరపువాడు, కూలి ఎంత, ఎప్పుడు చెల్లవలెను, బేరము చెడినచో ఏమగును, ఈ నాలుగు మాటలు ఒక్క పుటలో వ్రాయించి సంతకము తీసికొనుడు. కూలి రిజిస్ట్రేషను అయిన పిమ్మటనే చెల్లునని వ్రాయుడు. వ్రాయుటకు వెనుదీయువానిని విడిచిపెట్టుడు. అతడు తన పక్షమును తానే చెప్పినవాడగును.

మంచి ఏజెంటును అతని వాక్చాతుర్యముచే గాక, ఈ నేలను గూర్చిన ప్రశ్నలకు అతడిచ్చు ఉత్తరములచే గుర్తింపవలెను. ఇది బొగ్గు నేల. స్థలము సింగరేణి భూమియందున్నదా? అట్లయినచో 76వ సంఖ్య గల ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము పట్టా వచ్చినదా? ‘నేడో రేపో వచ్చును’ అను మాట పట్టా కాదు. క్రింద గని త్రవ్విరా, ముందు త్రవ్వనున్నారా? ఓపెన్‌కాస్టు పేలుళ్లకు గోడలు బీటలువారుచున్నవని గనుల దాపు నివాసులు మొరపెట్టుట ఈ ప్రాంతమున క్రొత్త మాట కాదు. భూమి అసైన్డు భూమియా? 1977 నాటి చట్టము దాని అమ్మకమును నిషేధించినది. లేఅవుటునకు అనుమతి కలదా? అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషనును 2020 ఆగస్టులో నిలిపివేసిరి. క్రమబద్ధీకరణకై లక్షలాది జనులు అర్జీలు పెట్టుకొని వేచియుండవలసి వచ్చినది. లింకు దస్తావేజుల నడుమ సాదా బైనామా గాని, జనరల్ పవరాఫ్ అటార్నీ గాని కలదా? అట్టి పవరు పత్రముచే యాజమాన్యము బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పినది.

వసంత ఋతువునకు ప్రత్యేకమైన మోసము ఇంకొకటి కలదు. అది మనుష్యుడు చేయునది కాదు, ఎండ చేయునది. చైత్ర వైశాఖములందు చెరువు శిఖము ఎండి, చదునై, చక్కని మైదానమువలె కానవచ్చును. అందు రాళ్లు పాతి, ఎఱ్ఱమట్టి బాటలు వేసినచో అది వెంచరుగ మారును. ఆషాఢ శ్రావణములు వచ్చిన పిమ్మట అది మరల చెరువగును. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఆవలి గట్టున మంచిర్యాలలో పలు కాలనీలు నీట మునిగిన సంగతి మన పాఠకులు మరువలేదు. కావున ఎండలో చూచిన స్థలమును వానలో ఎట్లుండునో ఏజెంటును గాక, ఆ దాపున పదియేండ్లుగా కాపురమున్న ఇల్లాలి నడుగుడు.

ఇక సొమ్ము మాట. ఉగాది నాటికి బయానా ఇచ్చినచో గజమునకు ఇంత తగ్గింపు అను ప్రకటనలకు లొంగవలదు. రెరా వెంచరునందు వ్రాతమూలకమైన ఒప్పందము రిజిస్టరు కానిదే ధరలో నూటికి 10కి మించి తీసికొనుట చట్టవిరుద్ధము. స్థిరాస్తి బేరమున 20,000 రూపాయలును, అంతకు మించియు నగదుగ పుచ్చుకొనుట 2015 జూన్ 1 నుండి నిషిద్ధము. ప్రభుత్వపు విలువకే దస్తావేజు వ్రాసి, మిగిలినది సంచిలో తెమ్మను ఏజెంటు, కొనువానికి పన్ను మిగిల్చినట్లు నటించి, వాని సాక్ష్యమునే చెరిపివేయుచున్నాడు. రేపు వివాదమేర్పడినచో న్యాయస్థానమునకు కానవచ్చునది దస్తావేజులోని అంకె మాత్రమే. రాష్ట్రమున రిజిస్ట్రేషను ఖర్చులను 2021 జూలైలో నూటికి 6 నుండి 7.5కు పెంచుట ఈ ప్రలోభమును హెచ్చించినదని మేమెరుగుదుము. పన్ను భారమైనచో దానిని తగ్గింపుమని ప్రభుత్వమును నిలదీయుట పౌరధర్మము. తన ఇంటి పునాదిలో అబద్ధమును పాతుట కాదు.

భూస్వాములకును ఒక మాట. పొలము ప్లాట్లగుటకు మీరు సంతకము చేయనిదే ఏ దళారియు అంగుళము కదలడు. వ్యవసాయభూమిని నివాసభూమిగ మార్చు అనుమతి లేకుండ, ఖాళీ కాగితములపై సంతకములు చేసి, పది గుంటల చొప్పున పది మందికి పవరు ఇచ్చినచో, తుదకు కోర్టు మెట్లు ఎక్కవలసినవారు మీరును, కొనినవారును. దళారి అప్పటికి వేరొక ఊరున వేరొక ఫలకము నాటుచుండును.

ప్రభుత్వమును, కంపెనీలును చేయవలసినవి కొన్ని కలవు. గనుల లీజులోని సర్వే సంఖ్యలను, నిషేధిత భూముల పట్టికను తెలుగున ముద్రించి, నగరపాలక కార్యాలయమునందును, ప్రతి గని ద్వారమునందును, జ్యోతినగరము బజారునందును అతికింపవలెను. ఉద్యోగ విరమణకు ఒక యేడు ముందే కార్మికునికి గృహ వ్యవహారములయందు ఉచిత సలహా లభించునట్లు చేయవలెను. రెరా అధికారులు ఫిర్యాదులు వినుటకు ఈ బొగ్గు బెల్టునకే అప్పుడప్పుడు విచ్చేయవలెను. ఇచటి కార్మికుడు ఒక దినపు కూలి పోగొట్టుకొని రాజధానికి పోవలసిన న్యాయము అర్ధన్యాయమే.

ఇవి యెల్ల సిద్ధించువరకు కొనువాడు తన్ను తాను కాచుకొనవలెను. ముహూర్తము తప్పినచో వచ్చు యేడు మరల వచ్చును. సొమ్ము తప్పినచో, క్వార్టరు వదలిన ముదుసలికి మరల ముప్పదియేండ్ల కొలువు నిచ్చువాడెవడును లేడు.