ఫార్మాట్ కొట్టే ముందు పంచనామా చేయండి

"ఫార్మాట్ కొట్టేయండి భాయ్, పది నిమిషాల పని." మా అబ్బాయి చిన్న కంప్యూటర్ ఆగిపోయిన రోజున నాకు అందిన మొదటి మష్వరా ఇది. ఇచ్చినాయన మంచి మనిషే, పని తెలిసినాయనే. అయినా ఆ మష్వరా ఘలత్ అంటాను.

అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు అది. 2012లో 35 డాలర్ల ధరతో మొదలైన ఈ బోర్డులు ఇవాళ పిల్లల ప్రాజెక్టుల నుంచి ఫ్యాక్టరీల దాకా కనిపిస్తున్నాయి. మావాడు దాన్ని ఇంటి ఖజానా చేశాడు. మర్హూమా అమ్మీ గొంతు రికార్డింగులు, అంటే లోరీలు, కిస్సాలు, వంటల నుస్ఖాలు అన్నీ దాని మెమరీ కార్డులోనే. ఇంకో నకలు లేదు.

ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. తెర నిండా తెల్ల అక్షరాలు, చివర్న 'కెర్నెల్ పానిక్'. వాడి మొహం పాలిపోయింది. "అబ్బా, దాదీ ఆవాజ్ పోయిందా?"

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. ముందుకెళితే నుక్సాన్ ఎక్కువవుతుందని తెలిసి అది తనంతట తాను ఆగిపోవడమే పానిక్. ఆగే ముందు ఎందుకు ఆగిందో బయాన్ కూడా ఇస్తుంది. మనమే చదవం. ఉర్దూ మీడియంలో చదివిన నాకూ ఆ అంగ్రేజీ వరసలంటే ఝిజక్ ఉంది. కానీ రిపోర్టరుగా నాకు తెలిసిన ఉసూల్ ఒకటుంది: ఘటనాస్థలంలో దేన్నీ కదిలించక ముందే పంచనామా కావాలి. ఫార్మాట్ అంటే పంచనామా కాకుండానే జాగా కడిగేయడం. సబూతూ పోతుంది, సామానూ పోతుంది.

తెరను ఫోన్‌తో ఫొటో తీశాం. రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోతున్నానని రాసి, పక్కన 179, 2 అని అంకెలు. 179 అంటే మెమరీ కార్డు, 2 అంటే అందులో రెండో భాగం. అంటే కార్డు కెర్నెల్‌కు కనిపిస్తోంది, లోపలి ఫైళ్ల ఖాతా మాత్రం చదవలేకపోతోంది. అక్కడ 0, 0 అని ఉంటే కథ వేరు. కార్డు సరిగా కూర్చుందా, బూట్ సెట్టింగులో చిరునామా తప్పిందా అని చూడాలి. రెండు అంకెల్లో ఇంత ఖబర్ ఉంది!

ఇలాజ్‌కూ ఒక వరస ఉంది. ముందు కార్డు తీసి, లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పెట్టి, మొత్తం కార్డుకు హూబహూ నకలు తీయాలి. మరమ్మతు ఆ నకలు మీదే చేయాలి, అసలు మీద కాదు. మావాడు అలాగే చేశాడు. రెండు రికార్డింగులు తప్ప అన్నీ దొరికాయి.

మరి ముజ్రిమ్ ఎవరు? పాత ఫోన్ చార్జరు. మా దగ్గరున్న 4వ మోడల్‌కు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇవ్వగల చార్జరు కావాలి. చార్జరు బలం చాలకపోయినా, వైరు సన్నదైనా బోర్డు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజ్ దిగిపోతుంది. సుమారు 4.63 వోల్టుల కిందికి దిగితే తెర మీద మెరుపు గుర్తు వస్తుంది. అది నెలలుగా వస్తూనే ఉంది, మేం డిజైన్ అనుకున్నాం. అలాంటి చార్జరు మీద నడుస్తూ, కార్డులో ఏదో రాస్తుండగా కరెంటు పోతే, రాత సగంలో తెగిపోతుంది.

"ఇంత తీరిక ఎవరికుంది? కొత్త కార్డు కొంటే సరిపోదా?" అంటారు. కార్డులో దాచుకున్నదేమీ లేకపోతే ఫార్మాట్ చేసుకోండి, నాకు ఎతరాజ్ లేదు. కానీ అదే చార్జరు పెడితే కొత్త కార్డూ రేపు అలాగే పడిపోవచ్చు. మర్జ్ తెలియకుండా చేసే ఇలాజ్ అది.

అందుకే దోస్తో, పిల్లలకు బోర్డు కొనిచ్చే రోజే మూడు మాటలు చెప్పండి. దానికి తగిన చార్జరే వాడాలి. షట్‌డౌన్ చేయకుండా వైరు పీకకూడదు. విలువైనదేదైనా రెండో చోట కూడా ఉండాలి. ఎర్రర్ వస్తే గద్దించకండి, పక్కన కూర్చుని చదివించండి.

పోయిన రెండు రికార్డింగుల్లో ఒకటి ఖట్టీ దాల్ నుస్ఖా. దాన్నిప్పుడు మా ఆపా చెబుతుంటే మావాడు రాసుకుంటున్నాడు, ఈసారి కాగితం మీద కూడా.