22.4 రాయాలా, 22.7 రాయాలా?

సైన్సు తీసుకున్న మనలో చాలామందికి భౌతిక రసాయన శాస్త్రం లెక్కలంటే బెరుకు. పాఠం చదివితే అర్థమైనట్లే ఉంటుంది, లెక్క ఇవ్వగానే పెన్ను కదలదు. దానికి తోడు మనవి బదిలీల బతుకులు. నాన్నకో అమ్మకో ఆర్డర్లు వచ్చాయంటే సంవత్సరం మధ్యలోనైనా సామాన్లు సర్దుకోవాల్సిందే. మోల్ భావన ఒక ఊళ్ళో, ఉష్ణగతిక శాస్త్రం ఇంకో ఊళ్ళో, సమతాస్థితి మరో రాష్ట్రంలో చదివినవాళ్ళు మా తరగతిలోనే ఉన్నారు. ఒకచోట సార్ ఏకవస్తు పద్ధతిలో చేయిస్తారు. ఇంకోచోట మేడమ్ సూత్రం రాసి విలువలు వేయమంటారు. కొత్తగా వచ్చిన పిల్లవాడు రెండింటి మధ్యా నలిగి, ‘కెమిస్ట్రీలో వీక్’ అన్న పేరు తెచ్చుకుంటాడు. నిజానికి అతనికి రానిది రసాయన శాస్త్రం కాదు, ఆ బడి అలవాటు.

దీనికి మందు ఇంకా ఎక్కువ సూత్రాలు బట్టీ పట్టడం కాదని మా అభిప్రాయం. ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం రాయడం, ఏ పరిస్థితిలో లెక్క చేస్తున్నామో ఒక్క ముక్కలో చెప్పడం, ఈ రెండూ ఏ ఊరు వెళ్ళినా మనతో వస్తాయి.

ఒక చిన్న లెక్క చూడండి. 50 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను పూర్తిగా వేడిచేస్తే ఎస్‌టీపీ వద్ద ఎన్ని లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది? 100 గ్రాములు ఒక మోల్ కాబట్టి 50 గ్రాములు అర మోల్. వచ్చే వాయువూ అర మోలే. ఇంతవరకు అందరిదీ ఒకటే దారి. ఆ తర్వాత ఒకరు 11.2 లీటర్లు అంటారు, ఇంకొకరు 11.35 అంటారు. పోట్లాట అక్కడే మొదలవుతుంది. ఇద్దరిదీ తప్పు కాదు. పాత లెక్కలో ఎస్‌టీపీ అంటే 273.15 కెల్విన్, 1 అట్మాస్ఫియర్. 1982లో ఐయూపీఏసీ ఆ పీడనాన్ని 1 బార్‌గా మార్చింది. బార్ కాస్త తక్కువ పీడనం కాబట్టి మోల్ వాయువు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది, 22.4 బదులు 22.7 లీటర్లు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం బార్‌నే తీసుకుంది. పాత గైడ్లు, చాలామంది పెద్దల జ్ఞాపకాలు మాత్రం 22.4 దగ్గరే ఉండిపోయాయి.

అసలు 22.4 అనేది ప్రకృతి రాసిపెట్టిన అంకె కాదు. ఇది మనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియకూడదు. విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఉంది, లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో దాదాపు మూడింట రెండు వంతులే. అందుకే అక్కడ నీళ్ళు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు. అదే లేహ్‌లో, సున్నా డిగ్రీల చలిలో, ఒక మోల్ వాయువు సుమారు 34 లీటర్లు ఆక్రమిస్తుంది. పీవీ = ఎన్‌ఆర్‌టీ మారలేదు, ఊరు మారింది.

ఆర్ సంగతీ అంతే. పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో ఉంటే 0.0821. శక్తి జౌళ్ళలో కావాలంటే 8.314. ఏ ఎండకా గొడుగు పట్టడం మనుషుల్లో మంచి గుణం కాదేమో గాని, ఇక్కడ మాత్రం తప్పదు.

ప్రమాణాలు రాయకపోతే ఏమవుతుందో నీటి మరుగు ఉష్ణోగ్రతే చెబుతుంది. నీరు ఆవిరి కావడానికి ఎంథాల్పీ మార్పు మోల్‌కు 40.7 కిలోజౌళ్ళు, ఎంట్రోపీ మార్పు కెల్విన్‌కు, మోల్‌కు 109 జౌళ్ళు. గుడ్డిగా 40.7ను 109తో భాగిస్తే నీళ్ళు 0.37 కెల్విన్ దగ్గర మరుగుతాయి! కిలోజౌళ్ళను జౌళ్ళుగా మార్చి 40,700 అని రాస్తే 373 కెల్విన్, అంటే మన వంటింటి 100 డిగ్రీలే. ‘కిలో’ అనే రెండక్షరాల తేడా ఇది.

జవాబును ఒకసారి ఎగాదిగా చూడటం కూడా లెక్కలో భాగమే. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అంటే సూత్రం చటుక్కున 8 అంటుంది. ఆమ్లం కలిపితే నీళ్ళు క్షారం అవుతాయా? 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటిలోనే 10⁻⁷ మోలార్ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి, ఆమ్లం ఇచ్చేవాటికి పది రెట్లు. నీటి వాటానూ లెక్కలోకి తీసుకుంటే 6.98 వస్తుంది. ఏడుకు ఒక పిసరు తక్కువ, ఉండాల్సింది అలాగే.

షార్ట్‌కట్ల మీద మాకు కోపమేమీ లేదు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పోటీ పరీక్షలో సమయం తక్కువ, అక్కడ వాడుకోవచ్చు. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్ళకే అది పనికొస్తుంది. బోర్డు పరీక్షలో మెట్టుమెట్టుకూ మార్కులుంటాయి. కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి లాగ్ 2 అంటే 0.301, లాగ్ 3 అంటే 0.477 అని గుర్తుంచుకోవడం ఎలాగూ మంచిదే.

మా గురువులకు కూడా ఒక మనవి. ప్రశ్నపత్రంలో ఉత్త ‘ఎస్‌టీపీ’ అనకుండా 273 కెల్విన్, 1 బార్ అని రాస్తే ఎక్కడి నుంచి వచ్చిన పిల్లలకైనా ఒకటే ప్రశ్న అవుతుంది. ఏకవస్తు పద్ధతిలో సరైన జవాబు తెచ్చినవారికి పూర్తి మార్కులు ఇవ్వాలి. సూత్రం రాయలేదని అర మార్కు కోయడం మాకు న్యాయంగా తోచదు.

అంతవరకు మా తరగతిలో కొత్తగా చేరినవాళ్ళకు ముందుగా మేమే చెబుతున్నాం: ఇక్కడ 22.7 వాడతారు, పక్కన 1 బార్ అని రాయండి. మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో ఆ తర్వాత చూపిస్తాం.