గోదారొస్తుంటే బీరువా ఎవరు మొయ్యాలి?

ఇల్లు మారేటప్పుడు దెబ్బలు తగలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని ఎవర్నడిగినా ఒకటే జవాబు: "నడుం వంచకు, మోకాళ్ళు వంచి ఎత్తు". సలహా మంచిదే, కాదనను. కానీ అసలు కిటుకు అక్కడ లేదని నా గట్టి అభిప్రాయం. మనకి నడుం పట్టేసేదీ, బీరువా కింద కాలి వేళ్ళు నలిగేదీ ఎత్తడం చేతకాక కాదు, టైము చాలక.

ఇది నా ఒక్కడి మాటే కాదు. బరువులెత్తే పద్ధతి నేర్పించినంత మాత్రాన నడుంనొప్పులు తగ్గాయనడానికి ఆధారాలు దొరకలేదని కాక్రేన్ సంస్థ వాళ్ళ సమీక్ష 2011లో తేల్చింది. మరి దేనివల్ల తగ్గుతాయి? బరువు తగ్గిస్తే, తొందర తగ్గిస్తే. ఈ రెంటికీ కావలసింది ముందుచూపు. అది పూర్తిగా కనబడేదీ, పూర్తిగా కొరవడేదీ కూడా మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున.

మనలాంటి వాళ్ళం ఇల్లు మారడం అంటే ఓనరు అద్దె పెంచాడనో, ఆఫీసు దూరమైందనో. నెల ముందే తెలుస్తుంది. ఫోను కొడితే లారీ, నలుగురు మనుషులు వస్తారు. అదే గోదారి ఒడ్డున బూర్గంపాడులోనో, 2014లో ఆంధ్రాలో కలిసిన కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లోనో ఉన్నవాళ్ళు, పెద్ద వరదొచ్చిన ఏడల్లా ఇల్లు మారినట్టే. ఒకసారి ఎక్కించాలి, ఒకసారి దించాలి. అదీ వానలో, బురదలో, కరెంటు లేకుండా.

భద్రాచలం దగ్గర గోదారికి మూడు హెచ్చరికలున్నాయని మీకు తెలిసే ఉంటుంది. 43 అడుగులకి మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులు. అంటే ఆఖరి హెచ్చరిక దాటాక కూడా ఇంకో 18 అడుగులు!

ఇక్కడ నాకు కనిపించే చిక్కు ఏంటంటే, ఆ మూడంకెల్నీ మనం మనుషుల కోసమే వాడుకుంటున్నాం, సామాను కోసం కాదు. 43 అంటే "ఆ, మామూలేగా" అంటారు. నిజమే, చాలాసార్లు అక్కడిదాకా వచ్చి తగ్గిపోతుంది. 48కి మూటలు కట్టడం మొదలు. 53 దాటాక, మోకాలి లోతు నీళ్ళు గుమ్మంలోకి వచ్చాక, అప్పుడు బీరువా గుర్తొస్తుంది. ఆఖర్రోజు రాత్రి పదకొండింటికి పెద్ద మాడ్యూల్ ముట్టుకున్నట్టు! అలా ముట్టుకుంటే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

కొంచెం లెక్క చూద్దాం, ఎలాగూ లెక్కలంటే మనకిష్టం. అమెరికాలో నియాష్ అనే ప్రభుత్వ సంస్థ 1991లో సవరించిన సూత్రం ఒకటుంది. అన్నీ బాగుంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుం కిందుగా, మంచి పట్టుతో, ఒళ్ళు మెలితిప్పకుండా ఎత్తితే మనిషికి 23 కిలోలు. చీలమండల దగ్గర్నుంచి చేతులకి 25 సెంటీమీటర్ల దూరం ఉంటేనే ఆ లెక్క. దూరం 50 సెంటీమీటర్లయితే బరువు సగానికి, పదకొండున్నర కిలోలకి పడిపోతుంది. మన వంటగ్యాసు సిలిండర్లో గ్యాసే 14.2 కిలోలు. బండతో కలిపితే దాదాపు 30. అంటే అన్నీ బాగున్నా నిండు సిలిండరు ఒక్కడు ఎత్తేది కాదు. ఇహ జారే మెట్ల మీద, చీకట్లో, చీరలూ కాగితాలూ నింపిన ఇనప బీరువా సంగతి వేరే చెప్పాలా?

అన్నట్టు, ఈ దూరం సంగతి అడవి పల్లెల్లో ఎవరికీ సూత్రం రాసి చూపించక్కర్లేదు. కావడి చూడండి. బద్ద భుజమ్మీద, చెరోవైపు సమానమైన బరువు. బరువు కేంద్రం ఒంటి మీదుగానే దిగుతుంది, ముందుకి లాగదు. భుజం ఒరుసుకుంటుంది గానీ నడుం వంగదు. పెద్ద బరువుని రెండు చిన్న బరువులు చెయ్యడమే అందులోని తెలివి. మనం మాత్రం పుస్తకాలన్నీ కలిపి టీవీ డబ్బాలో కూరి, అడుగు ఊడిపోకుండా పొట్టకి ఆనించి మోస్తాం.

నేనైతే ఆ మూడు హెచ్చరికల్నీ ఇలా వాడాలంటాను. 43కి బరువులు: బీరువా ఖాళీ చేసి, అరలు తీసి, ముగ్గురు నలుగురు కలిసి, పగటిపూట, పొడి నేల మీద. ఫ్రిజ్ అయితే ప్లగ్గు తీశాక. 48కి మూటలు: బియ్యం, బట్టలు, ఒక్కొక్కటీ పది పన్నెండు కిలోలు దాటకుండా. 53కి మనుషులు, కాగితాలు, పశువులు. అప్పటికి ఇంట్లో మిగిలినదేదైనా మిగిలినట్టే, దానికోసం వెనక్కి వెళ్ళకూడదు. తిరిగొచ్చాక మెయిన్ ఆపి ఉందో లేదో చూశాకే సామాను ముట్టుకోవాలి. పెట్టెల కింద పామూ తేలూ ఉంటాయి కాబట్టి చెయ్యి పెట్టేముందు కర్ర పెట్టాలి.

"43కే బీరువా ఎక్కించి, వరద రాకపోతే శ్రమంతా దండగ కదా?" అంటారు. దండగే. మనం బ్యాకప్ తీసినప్పుడల్లా సర్వరు కూలుతోందా? అయినా తీస్తున్నాం కదా.

కాకపోతే ఈ పద్ధతి గోదారికే సరిపోతుంది. ఎగువన కాళేశ్వరం, పేరూరు దగ్గర మట్టం చూసి భద్రాచలానికి ముందే చెప్పగలరు. మున్నేరు అలా కాదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో జనం మిద్దెలెక్కి కూర్చోవలసి వచ్చింది. ప్రకాశ్ నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు తీసుకొచ్చాడు. అంత వేగంగా వచ్చే ఏటి పక్కన ఉన్నవాళ్ళకి హెచ్చరిక మొదలయ్యేది జూన్‌లోనే. వానాకాలం నాలుగు నెలలూ బరువులు అటక మీదో పై అంతస్తులోనో ఉండాలి.

ఇంతవరకూ చెప్పడం తేలికే. "సామాను పోతే పోయింది, ప్రాణం ముఖ్యం" అనడం ఇంకా తేలిక, ముఖ్యంగా అపార్ట్‌మెంటు అయిదో అంతస్తులో కూర్చుని. 2022లో వరద బాధితులకి ప్రభుత్వం ప్రకటించిన తక్షణ సాయం కుటుంబానికి పదివేలు, రెండు నెలలపాటు 20 కిలోల బియ్యం. ఇల్లు మునిగినవాడికి బీరువా, మంచం, టీవీ, మిక్సీ మళ్ళీ కొనుక్కోడానికి అది ఏ మూలకి? అందుకే నీళ్ళలో దిగి మరీ మోస్తాడు. అతని మొండితనం కాదది, లెక్క.

కాబట్టి ఆ లెక్క మారాలి. మనుషుల్ని తరలించడానికి పడవలూ బస్సులూ పెడతారు. సామాను మాత్రం ఎవరి నడుం మీద వాళ్ళకే వదిలేస్తారు. మొదటి హెచ్చరికకే ఊరికో రెండు ట్రాక్టర్లు, కూలి ఇచ్చి పెట్టుకున్న పదిమంది హమాలీలు, బడి పై అంతస్తులో తాళం వేసిన గది, వస్తువు తీసుకున్నట్టు చీటీ. ఇంతే. అప్పుడు "53కి సామాను వదిలేసి రండి" అంటే వినేవాళ్ళుంటారు.

హమాలీలన్నాను కాబట్టి ఇంకో మాట. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం మన రాష్ట్రంలో 1976లోనే చట్టం చేశారు. 55 కిలోలకి మించి ఒక మనిషి చేత మోయించవద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మనం ఇల్లు మారేటప్పుడు టీవీకి ఇన్సూరెన్సు ఉందా అని రెండుసార్లు అడుగుతాం. ఫ్రిజ్‌ని వీపున కట్టుకుని మూడంతస్తులు దిగే కుర్రాడికి ఏమన్నా అయితే ఎవరు చూస్తారని అడగం. ఈసారి లారీ మాట్లాడుకునేటప్పుడు అది కూడా అడగండి. ఇంకో ఇద్దరు మనుషులకి కూలి ఇవ్వండి, ఇంకో రెండు గంటలు టైము ఇవ్వండి. మన నడుమైనా, అతని నడుమైనా కాపాడేది ఆ రెండు గంటలే.