అరుదట! ఎవరు లెక్కపెట్టారు?

2025 మే నెలాఖరున, మన పాండిచ్చేరి నుంచి చెన్నై పోయే ఈసీఆర్ మీదే, వీజీపీ పార్కులో ఒక రైడ్ గాల్లో నిలిచిపోయింది. ముప్పై మందికి పైగా జనం గంటల తరబడి పైనే ఉండిపోయారు. అగ్నిమాపక దళం వచ్చి దించింది. ఛానెళ్లన్నీ రోజంతా అదే చూపించాయి. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ల పాప చనిపోయినప్పుడూ, 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో లోలకం లాంటి రైడ్ విరిగి ఇద్దరి ప్రాణం పోయినప్పుడూ అంతే. ఇనుము విరిగితే మనకు కోపం వస్తుంది. కేసులు పెడతారు, సీలు వేస్తారు, పరిహారం ప్రకటిస్తారు.

నా గొడవ విరగని ఇనుముతో. బోల్టు బిగువుగానే ఉంది, బెల్టు గట్టిగానే ఉంది, రైడ్ నిక్షేపంగా నడిచింది. అయినా దిగిన మనిషి తలలో ఒక సిర తెగింది. దానికి కేసు లేదు, కెమెరా లేదు. కనీసం ఒక పద్దు కూడా లేదు.

తోడుకున్న పెరుగు కుండను ఒక్కసారి గట్టిగా కుదపండి, అంచు దగ్గర విడిపోతుంది. పుర్రెలో మెదడు పరిస్థితీ అదే. రోలర్ కోస్టర్ విదిలింపుకు మెదడునూ దాని పైపొరనూ కలిపే సన్నని సిరలు తెగవచ్చు. నెత్తురు బొట్టుబొట్టుగా చేరి, రోజులూ వారాలూ గడిచాక మెదడును నొక్కుతుంది. డాక్టర్లు సబ్‌డ్యూరల్ హెమటోమా అనేది దీన్నే. మరికొందరికి మెడలోని రక్తనాళం లోపలి పొర చిరుగుతుంది. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు ఎగబాకితే పక్షవాతం. జపాన్‌లో ఏ జబ్బూ లేని 24 ఏళ్ల యువతి రోలర్ కోస్టర్లు ఎక్కి దిగాక తలనొప్పి వదల్లేదు. ఎంఆర్‌ఐ తీస్తే మెదడుకు రెండు పక్కలా నెత్తురు కనిపించింది. ఆ కేసు 2000లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. గర్భిణులు, గుండె జబ్బులవాళ్లు ఎక్కరాదని బోర్డు రాసి చేతులు దులుపుకునేవాళ్లు ఆ అమ్మాయిని ఏ వరసలో నిలబెడతారు?

ఈ మాట ఎత్తగానే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అబ్బే, చాలా అరుదండీ!" అరుదే, ఒప్పుకుంటాను. కోట్లమంది ఎక్కి నవ్వుతూ దిగుతున్నారు, పార్కులు మూసేయమని నేననడం లేదు. కానీ మన దేశంలో అరుదు అని లెక్క చూసి చెప్పినవాడెవడు? రైడ్ గాయాలకు దేశవ్యాప్త రిజిస్టరే లేదు. లెక్కపెట్టనివాడు పలికే "అరుదు" శాస్త్రం కాదు, సాకు.

"రోడ్డెక్కితే మాత్రం ప్రమాదం లేదా?" అంటారు ఇంకొందరు. ఉంది, అందుకే లెక్కా ఉంది. బైకు మీద నుంచి పడి కాజువాలిటీకి వస్తే మెడికో లీగల్ కేసు రాస్తారు, పోలీసుకు కబురు పోతుంది, ఏడాది చివర అంకె తేలుతుంది. అదే మనిషి పార్కుకు వెళ్లొచ్చిన పది రోజులకు తలనొప్పితో వస్తే "తలకు దెబ్బ తగిలిందా?" అని అడుగుతారు. తగల్లేదుగా, లేదనే చెబుతాడు. దెబ్బ లేకుండానే గాయమయ్యే చోట దెబ్బ గురించి అడిగితే నిజం ఎలా బయటపడుతుంది?

లెక్క రాస్తే ఏమవుతుందో జపానే చూపించింది. ఫుజి-క్యూ పార్కులోని దో-దొదొన్పా రైడ్ 1.56 సెకన్లలో 180 కిలోమీటర్ల వేగం అందుకునేది. మెడ, వెన్ను ఎముకలు చిట్లాయని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆ ఫిర్యాదులు ఒకచోట చేరాయి కాబట్టే 2021 ఆగస్టులో దాన్ని ఆపారు, 2024లో శాశ్వతంగా మూసేశారు. ఫ్లోరిడాలో పెద్ద పార్కులు ఆసుపత్రి పాలైనవారి వివరాలు మూడు నెలలకోసారి రాష్ట్రానికి ఇస్తాయి. వ్యాపారం దివాలా తీయలేదే!

పాండిచ్చేరిలో ఈ పని మొదలుపెట్టడానికి ఏం తక్కువైంది? గోరిమేడులో జిప్మర్ ఉంది. చుట్టుపక్కల తమిళ జిల్లాల నుంచీ, మన యానాం నుంచీ జనం వచ్చే ఆసుపత్రి అది. తలనొప్పి, మెడనొప్పి, పక్షవాతంతో వచ్చినవాళ్ల ఓపీ చీటీలో "ఈ నెలలో రైడ్ ఎక్కారా?" అన్న ప్రశ్న ఒక్కటి చేర్చడానికి కోట్లు అక్కర్లేదు. ఊళ్లో ఎగ్జిబిషన్‌కు అనుమతిచ్చే అధికారులు గాయాల పద్దు తప్పనిసరి చేయాలి. టికెట్ కౌంటర్ దగ్గర తమిళంలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి: దిగాక తలనొప్పి తగ్గకపోయినా, మెడ లాగినా, కనురెప్ప వాలినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రైడ్ ఎక్కామని చెప్పండి. సకాలంలో పట్టుకుంటే వీటికి వైద్యం ఉంది. నెత్తురు పలచబడే మందులు వాడేవాళ్లను కౌంటర్‌లోనే విడిగా హెచ్చరించాలి.

వీటిలో ఒక్కటీ చేయకుండా, టికెట్ వెనుక "మీ సొంత పూచీ" అని చీమ తలకాయంత అక్షరాలు అచ్చేసి డబ్బు పుచ్చుకోవడం దగా. ఏం జరగొచ్చో చెప్పకుండా ఎదుటివాడి నెత్తిన పూచీ రుద్దే హక్కు ఎవడికీ లేదు. ముందు లెక్క రాయండి, ఆ తర్వాత అరుదని చెప్పండి. అప్పుడు నమ్ముతాం.