సంచి సరే, సైకిలు మీకు సరిపోయిందా?

గత దసరా సెలవుల్లో ఒక రాత్రి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా కోరుట్ల యువకుణ్ణి అతని తల్లి మా ఇంటికి వెంటబెట్టుకొని వచ్చింది. "సార్, పిలగానికి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, గుండెకేమన్న అయిందేమో జర చూడుండ్రి" అని ఆమె ఆందోళన. నాడి, రక్తపోటు చూశాను. ఇ.సి.జి. కూడా తీయించాను. గుండె నిక్షేపంగా ఉంది. మొద్దుబారినవి చిటికెన వేలూ, ఉంగరపు వేలిలో సగమూ మాత్రమే. వేళ్ల మధ్య కాగితం పెట్టి పట్టుకోమంటే జారిపోతోంది. చొక్కా గుండీలు తల్లే పెట్టి తీసుకొచ్చిందట. ఏం పని చేశావని అడిగితే అప్పుడు చెప్పాడు: సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా రెండు రోజులు సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాడు.

అయితే ముందు సైకిలును చూడాలన్నాను. తెల్లవారి తెచ్చాడు. లక్షా ఇరవై వేలు, వాయిదాల మీద కొన్నాడు. హ్యాండిలుకు చుట్టిన సంచి, ఫ్రేము నడుమ త్రికోణపు సంచి, సీటు వెనుక తోకలా పొడుచుకొచ్చిన మరో సంచి; మూడింటికీ కలిపి ఇరవై రెండు వేలు. దీనిని 'బైక్‌ప్యాకింగ్' అంటారని నాకు ఓపికగా వివరించాడు. సైకిలు ఎక్కి కూర్చోమన్నాను. హ్యాండిలు అందుకోవడానికి నడుము పూర్తిగా వంచి, మోచేతులు కర్రల్లా బిగించి, ఒంటి బరువంతా అరచేతుల మీద మోపాడు. ఫ్రేము అతనికి ఒక సైజు పెద్దది. అమ్మిన దుకాణంలో ఆ రోజు ఉన్నది అదొక్కటేనట. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు, చిన్న ఎముకల మధ్య ఒక ఇరుకు దారిలో అల్నార్ నాడి వేళ్లలోకి పోతుంది. దాని మీద రెండు రోజులు బరువు మోపితే వేళ్లు మొద్దుబారక ఏమవుతాయి? పూర్తిగా తగ్గడానికి ఆరు వారాలు పట్టింది.

ఆ సైకిలులో నన్ను ఇంకా కలవరపెట్టింది మరొకటి. వెనుక ఎర్ర దీపం ఉంది, కాని సీటు సంచి కింద ఉంది. ఆ నల్లని సంచి దానిని పూర్తిగా కప్పేసింది. అతడు వేములవాడ నుంచి కోరుట్లకు చేరింది చీకటి పడ్డాక.

సైకిలు యాత్రలకు నేను వ్యతిరేకిని కాను. రక్తపోటుకూ, మధుమేహానికీ మాత్రలు రాస్తూ జీవితం గడిపినవాణ్ణి, సైకిలు తొక్కేవాణ్ణి చూస్తే నాకు సంతోషమే. నా వివాదం వస్తువులతోనూ కాదు, వాటిని కొనే వరుసతో. సైకిలు ఒంటిని తాకేది మూడు చోట్ల: అరచేతులు, పిరుదులు, పాదాలు. డబ్బు ముందు అక్కడ పెట్టాలి. తర్వాత ఇతరులకు కనబడటానికి పెట్టాలి. సంచులూ, తేలికైన ఫ్రేమూ, గడియారాలూ చిట్టచివర. వీడియోలు చూసి కొనేవారు ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు.

ఆ సంచుల సంగతే చూడండి. అవి ప్రచారంలోకి వచ్చింది కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా దక్షిణ సరిహద్దు వరకు, కొండల మధ్య నాలుగు వేల కిలోమీటర్లకు పైగా సాగే మట్టిబాటల వంటి దారుల మీద. అక్కడి రాళ్ల మీద ఎగిరెగిరి పడితే క్యారియరు మరలు ఊడిపోతాయి, పక్కలకు వేలాడే సంచులు పొదలకు తగులుకుంటాయి. కనుక బరువును ఫ్రేముకు బిగించి కట్టుకున్నారు. అక్కడ అది తెలివైన పని. మన నిజామాబాదు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాలకు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఏ పొద ఉంది? తారు రోడ్డు మీద పోయేవారికి వెనుక గట్టి క్యారియరు, దానికి చెరో పక్క ఒక సంచి చాలు. బరువు కిందికి ఉంటుంది, సైకిలు ఊగదు, దీపం క్యారియరు చివర స్పష్టంగా కనిపిస్తుంది. లారీ టార్పాలిన్లు కుట్టే దర్జీలు మన ఊళ్లలోనే ఉన్నారు. కొలతలిస్తే నీరు చొరని సంచులు వారే కుట్టగలరు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: బరువును వీపున మోయకండి. వీపు సంచి చెమట ఆరనివ్వదు, ఆ బరువు కూడా అరచేతుల మీదికీ పిరుదుల మీదికీ దిగుతుంది.

ఇక్కడ మా తరం వారికీ ఒక మాట చెప్పాలి. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? పాల క్యాన్లు, కల్లు లొట్లు, గాజుల మలారం ఈ సైకిలు మీదనే మోయలేదా?" అని మీసం దువ్వేవారున్నారు. మోశారు, నిజమే. నలభై ఐదేళ్లకే మోకాళ్లు పట్టుకొని ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవారిని కూడా నేను చూశాను. ఆ సైకిలుకు గేర్లు లేవు. ముందు 48 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్నాయనుకోండి, పెడలు ఒక్క చుట్టు తిరిగితే సైకిలు దాదాపు ఆరు మీటర్లు ముందుకు పోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ భారమంతా మోకాలి చిప్ప వెనుక పడుతుంది. ముందు 30, వెనుక 36 పళ్ల అమరికలో అదే చుట్టుకు రెండు మీటర్లలోపే. నిదానంగా పోతాం, కాని మోకాలు మిగులుతుంది. ఈ యాభై ఏళ్లలో సైకిలుకు వచ్చిన మేలైన మార్పు, వైద్యుడిగా నా దృష్టిలో, ఇదే. కాని దుకాణంలో అందరూ గేర్లు ఎన్ని అని అడుగుతారు, అన్నింటికంటే చిన్న గేరు ఎంత చిన్నది అని అడగరు. మొదటి ప్రశ్నకు జవాబు 21 అయినా 12 అయినా మోకాలికి పనిలేదు.

డిస్క్ బ్రేకులూ మంచివే. కొండగట్టు వంటి దిగుడులో, సామానుతో, వానలో వాటి విలువ తెలుస్తుంది. వెడల్పు టైర్లూ మంచివే, చేతులకు అదురు తగ్గిస్తాయి. అయితే 38 మిల్లీమీటర్ల టైరును కొత్త ఆవిష్కరణగా అమ్ముతుంటే నవ్వు వస్తుంది. మా బాపు సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం. లెక్క వేస్తే అదీ 38 మిల్లీమీటర్లే. ఆ సైకిలుకు మడ్‌గార్డులు, క్యారియరు, గంట, స్టాండు, డైనమో దీపం ఉండేవి. వాటన్నిటినీ ఊడదీసి, అదే 'స్పోర్ట్స్' సైకిలని పేరు పెట్టి, ఇప్పుడు ఒక్కొక్కటీ విడిగా అమ్ముతున్నారు.

కార్బన్ ఫ్రేము మోజు గురించి చిన్న లెక్క. మనిషి 75 కిలోలు, సామాను 10, నీళ్లు 2. సైకిలు 12 కిలోలదైతే మొత్తం 99, తొమ్మిది కిలోలదైతే 96. వేలకు వేలు పోసి కొన్నది మూడు శాతం తేడా.

సీటు విషయం చెప్పుకోవడానికి మనవారు సిగ్గుపడతారు, అందుకే నేనే చెబుతాను. మనం కూర్చునేది రెండు ఎముకల మీద, ఆ రెండింటి మధ్య దూరం అందరికీ ఒకటి కాదు. సీటు వాటికి తగ్గ వెడల్పు లేకపోతే బరువు మధ్య భాగం మీద పడి, అక్కడి నాడులూ రక్తనాళాలూ నలుగుతాయి, జననాంగాలు మొద్దుబారుతాయి. అది ఓర్చుకోవలసిన విషయం కాదు, ఆగి దిగవలసిన సూచన. మెత్తటి జెల్ సీటు దీనికి మందు కాదు, ఎముకలు అందులో దిగబడితే మధ్యలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. సీటు ఎత్తు చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు: పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. ఆపై మునివేళ్ల వెనుక భాగంతో తొక్కితే మోకాలు తగినంత వంగుతుంది.

కొత్త సరంజామా లేనిదే దూరాలు పోలేమనేవారు సుదూర సైక్లింగు చేసేవారి నియమాలు చదవాలి. మన దేశంలోనూ జరిగే బ్రెవే యాత్రల్లో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తి చేయాలి. ఆ నియమాలు కార్బన్ ఫ్రేము అడగవు. రాత్రి ముందు దీపం, వెనుక దీపం, వెలుతురు పడితే మెరిసే చొక్కా అడుగుతాయి. 1923లో బొంబాయి నుంచి బయలుదేరిన అది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగరా అనే పార్సీ యువకులు 1928లో ప్రపంచం చుట్టి వచ్చింది మామూలు సైకిళ్ల మీదనే. వారిలా కష్టపడమని కాదు. కొనుగోలును సన్నాహం అనుకోవద్దని మాత్రమే.

మన ఎండ సంగతి వేరు. జగిత్యాల జిల్లాలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ నెలలో ఏ సంచీ, ఏ చొక్కా కాపాడలేదు, యాత్ర మానుకోవడమే దారి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా తిరగవచ్చు. అప్పుడైనా గంటల తరబడి చెమటోడుస్తూ వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తల తిరుగుతుంది, వాంతులవుతాయి, ముదిరితే మనిషి స్పృహ తప్పుతాడు. దాహమైనంత మేరకే తాగండి. లీటరు నీటికి కలిపే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు జేబులో పెట్టుకోండి, అంతకంటే చవకైన 'గేర్' లేదు.

చేతి గడియారం చూపే గుండె వేగాన్ని నమ్మి తొక్కేవారికి ఒక హెచ్చరిక. రక్తపోటుకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో ఎంత శ్రమపడ్డా నాడి వేగం అంతగా పెరగదు, గడియారం 'తేలిక శ్రమ' అని చూపుతూనే ఉంటుంది. మధుమేహానికి గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ తీసుకునేవారికి దారిలో చక్కెర పడిపోవచ్చు. బెల్లం ముక్కో, గ్లూకోజో చేతికందే జేబులో ఉండాలి, సీటు వెనుక సంచి అడుగున కాదు. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారు యాత్రకు ముందు తమ డాక్టరును కలవాలి. మాత్రలు తమంతట తాము మానకూడదు.

ఆ యువకుడి సైకిలుకు చివరికి ఏం చేశామంటే, హ్యాండిలును ఫ్రేముకు కలిపే స్టెమ్ మార్పించి నాలుగు సెంటీమీటర్లు దగ్గరికి తెచ్చాం, సీటు ముక్కు సమతలం చేశాం, వెనుక క్యారియరు వేయించి దాని చివర దీపం బిగించాం. మన ఊరి మిస్త్రీ అంతా కలిపి పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. ఫ్రేము ఇంకా పెద్దదే, దానికి మిస్త్రీ చేయగలిగింది లేదు. వాయిదాలు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.