కాలువ కట్టేస్తే గెలాక్సీ కూడా ఎండిపోతుంది

"చదివేవాడు ఎక్కడున్నా చదువుతాడు" అని మన ఇళ్లల్లో అంటుంటారు. ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకోను. నా తరఫు సాక్షులు గెలాక్సీలు.

గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టాలంటే చల్లటి గ్యాస్ కావాలి. ఖాళీ చోట్ల ఉన్న గెలాక్సీలు ఎక్కువగా మన పాలపుంతలా సుడులు తిరుగుతూ ఇంకా నక్షత్రాలను కంటూనే ఉంటాయి. వందలాది గెలాక్సీలు ఇరుక్కున్న క్లస్టర్ల నడుమ మాత్రం ఎర్రబడిన ముసలి గెలాక్సీలే ఎక్కువ. 1980లో అలన్ డ్రెస్లర్ 55 క్లస్టర్లు పరిశీలించి, రద్దీ పెరిగేకొద్దీ సుడి గెలాక్సీల వాటా తగ్గుతుందని చూపించాడు.

ఎందుకలా? క్లస్టర్ నిండా కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ ఉంటుంది. గాలి లేని రోజు కూడా బండి మీద వెళ్తే మొహానికి గాలి కొడుతుంది కదా! అలాగే ఆ వేడి గ్యాస్‌లోంచి దూసుకెళ్లే గెలాక్సీకి ఎదురుగాలి తగిలి, సొంత గ్యాస్ ఊడిపోతుంది. 1972లో గన్, గాట్ ఈ సంగతి చెప్పారు. ఇంకో కారణం మన డెల్టా వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే చేలో తడి కొన్నాళ్లే ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ రావడం ఆగిన గెలాక్సీ కూడా ఉన్నది ఖర్చుపెట్టుకుని మెల్లగా ఆరిపోతుంది. ఇక గెలాక్సీలు ఒకదాన్నొకటి ఢీకొంటే ఏమవుతుందో 1965లోనే లెక్కగట్టిన వారిలో ఉస్మానియా ప్రొఫెసర్ సాలే మహమ్మద్ అలాదీన్ ఒకరు. ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

అంతా పరిసరాలదే అనడం లేదు. బాగా బరువైన గెలాక్సీలు ఒంటరిగా ఉన్నా ఆరిపోతాయి. లోపలి బలం, బయటి చోటు రెండూ లెక్కలోకి వస్తాయి. మనం మాత్రం ఎప్పుడూ మొదటిదే లెక్కేస్తాం.

ఇంటర్ హాస్టల్లో నా రూమ్మేట్ బొమ్మలు అద్భుతంగా వేసేవాడు. పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్. రెండో ఏడాదికి పెన్సిల్ ముట్టుకోవడమే మానేశాడు. వద్దని ఎవరూ అనలేదు. వాడికి టాలెంటూ తగ్గలేదు. కాలువ కట్టేశారు, అంతే.

ఇప్పుడు మన శనివారం లైబ్రరీ అవర్ కూడా ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి ఇచ్చేద్దామంటున్నారు. ఉద్యోగం నాకూ కావాలి, నాకూ ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కానీ వారంలో సిలబస్‌కి సంబంధం లేనిది చదివే గంట అదొక్కటే. గెలాక్సీ తన చోటు తాను మార్చుకోలేదు. మనం టైమ్‌టేబుల్ గురించి అడగగలం. ఆ గంట ఉంచమని ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే లెటర్ మన క్లబ్ దగ్గరుంది. వచ్చి సంతకం పెట్టండి.