కలము జీవనోపాధి కాగలదా?

ఉద్యోగబంధము లేకుండ కేవలము రచనతోనే జీవింపవలెనని సంకల్పించు యువకులు నేడు తెలుగునాట పలువురు కలరు. కథలు, అనువాదములు, శ్రవ్యకథలు, చలనచిత్ర సంభాషణలు మొదలగు మార్గములు వారికి తెరచియున్నవి. కాని 2020లో కరోనా సంక్షోభమున కొన్ని తెలుగు వారపత్రికల ముద్రణ నిలిచిపోయినప్పుడు, ఒక్క మార్గమునే నమ్ముకొన్న రచయితల అవస్థ వెల్లడియైనది. కావున ఈ వృత్తిలో ప్రవేశింపదలచినవారు ముందుగా తమ్ము తాము పరీక్షించుకొనుట అవసరము.

ఈ విషయమున మన సాహిత్యచరిత్రయే గుణపాఠము. వీరేశలింగము పంతులుగారు ఉపాధ్యాయులు. చలముగారు పాఠశాలల తనిఖీ అధికారి. విశ్వనాథ సత్యనారాయణగారు కళాశాలాధ్యాపకులు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో కన్నుమూయువరకు ‘చందమామ’లో పనిచేసిరి. శ్రీశ్రీ, ఆరుద్రలకు చలనచిత్ర గీతరచన ఆధారమైనది. ఇంతటివారికే వేరొక ఆదాయము కావలసివచ్చెనన్న సంగతిని క్రొత్తగా కలము పట్టువారు మరువరాదు.

మొదటి పరీక్ష కాలమును గూర్చినది. ఒక రచయిత కుటుంబమునకు నెలకు 25,000 రూపాయలు కావలెననుకొందము. ఒక వ్యాసమునకు రెండు దినములు పట్టి, 1,500 రూపాయలు ముట్టుననుకొందము. నెలకు 24 దినములు శ్రమించినను 12 వ్యాసములు, 18,000 రూపాయలు మాత్రమే. తిరిగివచ్చిన రచనలు, ఆలస్యమైన పారితోషికములు, ఉత్తరప్రత్యుత్తరములకు పోవు కాలము ఈ లెక్కలో చేరలేదు. కనీసము ఆరు నెలల గృహవ్యయము చేత నిలువయుండనిదే ఉద్యోగము వదలుట సాహసమే యగును.

రెండవది సామర్థ్యమును గూర్చినది. తనకు ప్రియమైన రచన వేరు. ఇతరులు వెలయిచ్చి కోరు రచన వేరు. రెండు భాషలలో పట్టు కలదా? చెప్పిన గడువునకు ముగింపగలడా? సంపాదకుడు దిద్దినచో సహింపగలడా? ఈ ప్రశ్నలకు సమాధానము మిత్రుల ప్రశంసలలో దొరకదు. గత సంవత్సరమున ఎన్ని రచనలు పంపెను, ఎన్ని స్వీకృతమయ్యెను అను లెక్కయే నిజము చెప్పును.

మూడవది హక్కులను గూర్చినది. పెక్కుమంది దీనినే ఉపేక్షింతురు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, ఎవరి కొలువులోను లేక వ్రాసిన రచనకు సాధారణముగా రచయితయే ప్రథమ స్వామి. హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా, సంతకముతో జరుగవలెను. ఒప్పందములో కాలపరిమితి పేర్కొననిచో అది 5 సంవత్సరములుగను, ప్రదేశము పేర్కొననిచో భారతదేశమునకు మాత్రమేయనియు పరిగణింపబడును. రచయిత మరణానంతరము 60 సంవత్సరములవరకు గ్రంథస్వామ్యము నిలుచును. అనగా తొందరలో, చదువక చేసిన సంతకమువలన మనుమలు పొందవలసినది కూడ చేజారవచ్చును.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక సులభోపాయము కలదు. నియమములు అనుమతించునంతవరకు, ఉన్న పనిలో నుండియే ఒక సంవత్సరము వ్రాయవచ్చును. ప్రతి రచనకు పట్టిన దినములు, వచ్చిన ధనము, ఇచ్చిన హక్కులు ఒక పుస్తకమున నమోదు చేయవలెను. సంవత్సరాంతమున ఆ పుస్తకమును తెరచి చూచినచో, కలము ఇల్లు గడుపునో, ఉద్యోగమునకు తోడుగా మాత్రమే నిలుచునో ఎవరికివారే నిర్ణయించుకొనగలరు.